ఈల మెట్టు

కోరాపుట్,
12 జూన్ 1976

తమ్ముడు జీవానందానికి, అక్క దీవెనలూ, దగ్గర లేవు కాబట్టి కాగితం మీద ఒక మొట్టికాయా.

మొన్న శుక్రవారం రాయగడ బస్సు కండక్టరు చేతికిచ్చిన పొట్లం అందిందో లేదో ఒక్క ముక్క రాయడానికి నీకు చేతులు రాలేదు. పైన 'జంతికలు' అని రాసి లోపల ముప్పై సూదిమందు సీసాలు పెట్టి పంపాను. ఆ కండక్టరు ఘాటీ కొండదారిలో ఎక్కడైనా ఆకలేసి విప్పుతాడేమోనని రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. ఇంతకీ అందిందా?

నెల రోజుల సూదులు అయ్యాయి. ఇంకా అరవై ఉన్నాయి. ఒక్క రోజు మానినా ఊరుకోను. వసంతకి నేను నేర్పినట్టే వెయ్యమను, సూది పది నిమిషాలు మరిగాకే ముట్టుకోమను. మాత్రలు కూడా మరిచిపోకు. తల తిరిగినా, చెవుల్లో ఏదైనా మోగినా వెంటనే నాకు రాయి. ఈ మందుకి ఆ గుణం ఉందని, అలా అయితే ఆపెయ్యాలని మా పెద్ద డాక్టరుగారు మరీ మరీ చెప్పారు.

ఇంకో మాట. క్షయ అన్న మాట జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో ఎవరి చెవినా పడకూడదు. నువ్వింకా టెంపరరీవే. డిసెంబరులో మెడికల్ అయితేగానీ పర్మనెంటు చెయ్యరంటున్నావు. ఉద్యోగం తీసేస్తారని ఎవరూ అనలేదు, నిజమే. భయం నాది. బంధుగాం బడిలో పాఠం చెబుతూ చెబుతూ నాన్నకి రక్తం పడ్డ రోజు నీకు తొమ్మిదేళ్లు, నాకు పదహారు. ఆ వారంలోనే పిల్లలు బడికి రావడం మానేశారు. మన నూతిలో నీళ్లు తోడుకోవడం మానేశారు. ఏటి ఒడ్డు నుంచి మనిద్దర్నీ ఇంటికి పిలవడానికి ఈల వేసే మనిషి, చివరి ఏడాది ఆ ఈల వెయ్యడానికి ఊపిరి చాలక చేత్తో పళ్లెం వాయించేవాడు. అవన్నీ నీకు జరగనివ్వను.

అన్నట్టు వసంత తన ఉత్తరంలో 'ఇంట్లో పెట్టె, పెట్టె నిండా తీగలు, తీగల మధ్యన మీ తమ్ముడు' అని రాసింది. ఏమిటా పెట్టె?

నీ అక్క,
దయావతి


జేకేపూర్,
27 జూన్ 1976

అక్కకి వందనాలు. మొట్టికాయ అందింది, నొప్పి తగ్గాక రాస్తున్నాను.

జంతికలు ముప్పయ్యీ క్షేమంగా చేరాయి. కండక్టరు నిజాయితీపరుడు, లేదా జంతికలంటే ఇష్టం లేనివాడు. వసంత చెయ్యి బాగా తిరిగింది. ఇప్పుడు సూది దిగినట్టు కూడా తెలియడం లేదు. దగ్గు తగ్గింది. బరువు మూడు కిలోలు పెరిగాను. డ్యూటీలో టెలిఫోను స్తంభం ఎక్కినా ఆయాసం రావడం లేదు.

ఇక పెట్టె సంగతి. గుణుపూర్ రోడ్డులో ఒక భజన సమాజం వాళ్లు తిత్తి చిరిగిన హార్మోనియం పారేస్తుంటే తెచ్చుకున్నాను. తిత్తి తీసి పారేశాను. ఈ హార్మోనియానికి గాలి అక్కర్లేదు, బ్యాటరీ చాలు. ఒక్కో మెట్టు కింద ఒక ట్రాన్సిస్టరు, రెండు కండెన్సర్లు, గొంతు సవరించుకోవడానికి ఒక చిన్న మర పెట్టాను. మెట్టు నొక్కితే స్పీకరులోంచి పలుకుతుంది. వేణువుకీ తుమ్మెదకీ మధ్య ఉంటుంది ఆ గొంతు. ముప్పై ఏడు మెట్లూ పలికిన రోజు నేను డ్యూటీ బట్టలు కూడా విప్పకుండా కూర్చుని వాయించాను. వసంత అన్నం పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. పాప పెట్టె పక్కనే నిద్రపోయింది.

గుడిలో వాయించడానికా అని పాస్టరు అయ్యగారు అడిగారు. కాదండీ, ఊరికే అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఊరికేనే అక్కా. పొద్దంతా మిల్లులో పైవాళ్ల టెలిఫోన్లు బాగు చేసి ఇంటికొస్తే, నేను చెప్పినట్టు పలికే వస్తువు ఒకటి ఉండడం ఎంత బాగుంటుందో.

ఇప్పుడు అసలు మాట. హార్మోనియానికి లేని స్థాయి ఒకటి పైన కట్టాను. పన్నెండు కాలింగ్ బెల్లు బొత్తాలు వరుసగా బిగించాను. వాటిని కూడా మెట్లనే అంటున్నాను. అన్నిటికన్నా చివరిది, నలభై తొమ్మిదోది, నాన్న ఈల. ఆ మర తిప్పుతూ తిప్పుతూ ఉంటే ఒక్కసారి వచ్చేసింది. బంధుగాం ఏట్లో మోకాలి లోతు నీళ్లలో నిలబడినట్టే అయింది నాకు. ఈ స్వరం ఇదేనని చెప్పగలిగేవాళ్లు లోకంలో ఇద్దరమే ఉన్నాం. క్రిస్మసుకి నువ్వొచ్చి విని చెప్పాలి.

నువ్వడిగిన వాటికి జవాబులు. తల తిరగడం లేదు. చెవుల్లో మోత అంటావా, పెట్టె ఆపేశాక కూడా నా చెవుల్లో పాట ఆగడం లేదు. పడుకున్నా సన్నగా పలుకుతూనే ఉంటుంది. దానికి మందులేదులే.

నీ తమ్ముడు,
జీవానందం


కోరాపుట్,
10 జూలై 1976

సంగీత విద్వాంసుడు జీవానందం గారి దివ్య సముఖానికి, మంచాల కింద గిన్నెలు తీసే నర్సు దయావతి రాసుకునే విన్నపం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి వార్డులో చదివి నవ్వితే పేషంటు ఒకావిడ నాకేదో పట్టిందనుకుంది. పెట్టె ఆపినా చెవుల్లో పాట ఆగడం లేదా? అదృష్టవంతుడివి. నా చెవుల్లో ఇరవై పడకల దగ్గు ఆగదు. కావాలంటే మార్చుకుందాం.

నాన్న ఈల మాట చదివాక మాత్రం నవ్వు ఆగింది. నీకు తెలీదు, ఆయన పోయాక నేను ఆ ఈల వేద్దామని చాలాసార్లు చూశాను. రెండు వేళ్లు పెట్టుకుని ఊదితే తుంపర్లు తప్ప ఏమీ రాలేదు. నువ్వు తీగలతో తెచ్చావు. ఆ మర మళ్లీ కదపకు. క్రిస్మసుకి సెలవు రాసి పెట్టుకుంటాను.

చివరి ముప్పై సీసాలు ఈ శుక్రవారం బస్సులో వస్తాయి. ఈసారి పైన 'ఆవకాయ' అని రాశాను. నిటారుగా పట్టుకుంటాడు.

అక్క,
దయావతి


జేకేపూర్,
8 ఆగస్టు 1976

అక్కా, వందనాలు.

సూదులు ఇంకో నాలుగు. తరవాత నీ దగ్గరికొచ్చి ఎక్స్‌రే తీయించుకుంటాను. పదిహేనో తారీఖు మిల్లుకి సెలవే.

నా మనసేం బాగోలేదు. నాన్న ఈల పోయింది. బుధవారం నాడు బొత్తాం నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. శుక్రవారానికి దాని పక్కది, నిన్న ఇంకొకటి. చివరి నుంచి వరసగా పోతున్నాయి. మీటరు పెట్టి చూస్తే కరెంటు వస్తూనే ఉంది. చెవి పెట్టి చూస్తే పాట లేదు. ఇక్కడ దొరికే ట్రాన్సిస్టర్లు ఆ సన్నటి స్వరాలకి ఆగలేక కాలిపోతున్నాయని నా అనుమానం. జయపురంలో ఉమాపతి రేడియో షాపులో మంచి సరుకుంటుందట. ఆరు కొని పంపగలవా? నంబరు విడిగా చీటీ మీద రాశాను.

వసంత మీద నీకో ఫిర్యాదు. నేను ఆ మూడు బొత్తాలూ నొక్కి నొక్కి పరీక్ష చేస్తుంటే వంటింట్లోంచి వచ్చి, 'సెవులు తూట్లడిపోతన్నాయి, ఇంకాపండి' అంది. పలకని మెట్టుకి చెవులు తూట్లు పడడమేమిటి? పలకడం లేదని నేనంటే, 'పలక్కపోడమేటి, కాలనీ అంతా ఇంటంది' అని రెట్టించింది. పెట్టె అంటే మొదటి నుంచీ దానికి గిట్టదు. పోయినదాన్ని పట్టుకుని వెక్కిరిస్తే ఎలా ఉంటుందో నువ్వే చెప్పు. నిన్నటి నుంచీ మాటల్లేవు. సూది మాత్రం వేస్తోంది, కాస్త గట్టిగానే.

జీవానందం


కోరాపుట్,
21 ఆగస్టు 1976

తమ్ముడికి,

బస్సు క్షేమంగా చేరిందనుకుంటాను. నువ్వు ఉన్నది నాలుగు గంటలే అయినా కడుపు నిండింది నాకు. బుగ్గలు వచ్చాయి నీకు.

ఎక్స్‌రే గురించి అక్కడ వివరంగా చెప్పలేకపోయాను. కుడివైపు పైన మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు. డిసెంబరులో మిల్లు డాక్టరు ఎక్స్‌రే తీస్తే కనిపించకూడదు. కాబట్టి ఇంకో తొంభై సూదులు. విసుక్కోకు. ముప్పై సీసాలు నీ సంచీలోనే అడుగున పెట్టాను, చూసుకుని ఉంటావు. మిగతావి నెలనెలా వస్తాయి.

వసంత సంగతి. దానికి నేను విడిగా రాశాను. మొగుడికి ఉన్న ఒక్క సరదానీ దెప్పడం ఇల్లాలి లక్షణం కాదని కాస్త ఘాటుగానే రాశాను. నువ్వు పిలిస్తే పలకడం లేదని అది నాకు తిరిగి రాసింది. పెళ్లయి ఆరేళ్లయ్యాక ఏ మగాడు మొదటి పిలుపుకి పలికాడు? ఆ మాటే జవాబు రాశాను.

ఆరు ట్రాన్సిస్టర్లు ఇందులో ఉన్నాయి, దూదిలో చుట్టాను. ఉమాపతి మంచివాడు. కాలిపోయినదాన్ని ఒకటి పంపితే చూసి, దానికన్నా గట్టిరకం ఇస్తానన్నాడు. ఒకటి పంపు.

అక్క


జేకేపూర్,
26 సెప్టెంబరు 1976

అక్కా,

నువ్వు పంపిన ఆరూ కూడా పోయాయి. బిగించిన రోజు నుంచీ పలకనే లేదు. ఇప్పటికి బొత్తాల్లో ఏడు మూగవి. ఉమాపతికి చూపించడానికి ఒకటి ఈ కవరులో పెట్టాను. ఇక్కడి ఎండకి కాలిపోతున్నాయేమో అడుగు.

వసంతకి నువ్వు రాసిన ఉత్తరం పని చేసింది. ఇప్పుడు నేను పెట్టె దగ్గర కూర్చుంటే ఏమీ అనడం లేదు. చెవుల్లో దూది పెట్టుకుని పని చేసుకుంటోంది. అది ఇంకా చిరాకు నాకు.

డ్యూటీలో కూడా ఏదీ సరిగ్గా లేదు. కొత్త టెలిఫోన్లు వచ్చాయి, ఒట్టి నాసిరకం. అవతలివాళ్ల మాట గొణుగుడులా వస్తుంది. మొన్న లైను పరీక్షకి అటు చివర కూర్మారావు, ఇటు నేను. అతను ఏడుసార్లు పిలిచాడట. చివరికి సైకిలేసుకుని వచ్చి, 'ఏటన్నా, గొంతు సించుకుంతన్నాను, నీకు నవ్వులాటగా ఉందేటి' అన్నాడు. ఫోను పాడైందిరా అంటే, తను చెవిన పెట్టుకుని చూసి, నా వైపు అదోలా చూసి వెళ్లిపోయాడు. పర్మనెంటుకి ఇద్దరమూ వరసలో ఉన్నాం. నా మీద పైకి ఏదో చేరవెయ్యాలని చూస్తున్నాడేమో.

పెట్టె దగ్గర కింది మెట్లు మాత్రం నన్ను మోసం చెయ్యలేదు. వాటితోనే కాలక్షేపం.

జీవానందం


కోరాపుట్,
9 అక్టోబరు 1976

నాయనా జీవా,

ఎనిమిది ట్రాన్సిస్టర్లు, ఒక చిన్న స్పీకరు పంపుతున్నాను. పెద్ద స్పీకరు సన్నటి స్వరాలు పలకలేదని, లోపం అక్కడ ఉండొచ్చని ఉమాపతి అన్నాడు. ఇది పెట్టి చూడు.

వసంతతో మంచిగా ఉండు. అది అనేది కాస్త విను.

రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూసి దాటు. స్తంభాలు ఎక్కే పని ఇంకెవరికైనా అప్పజెప్పు. సూదులు మాత్రం పూర్తి చెయ్యి. ఇంకా నలభై ఉన్నాయి. పూర్తి చెయ్యి, నా మాట విను.

ప్రభువు నిన్ను కాపాడు గాక.

అక్క


జేకేపూర్,
12 డిసెంబరు 1976

అక్కా,

మెడికల్ అయింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మచ్చ లేదు. ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయని మిల్లు డాక్టరు నా వీపు తట్టాడు. అది నువ్వు సంతోషించాల్సిన మాట. ముందే రాశాను.

తరవాత నన్ను గోడవైపు తిరిగి నిలబడమన్నాడు. వెనక నుంచి అంకెలు చదువుతాను, విన్నవి తిరిగి చెప్పు అన్నాడు. నేను నిలబడ్డాను. ఆయన ఎప్పుడు మొదలుపెడతాడా అని ఎదురుచూస్తూనే ఉన్నాను. కొంతసేపటికి ఆయన నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇరవై దాకా చదివి ముగించాడట.

గోడ మీద చూపు పెట్టుకుని నేను నిలబడ్డ ఆ రెండు నిమిషాల్లో కూర్మారావు మంచివాడైపోయాడు. టెలిఫోన్లు బాగైపోయాయి. వసంత చెప్పినదంతా నిజమైపోయింది. మిగిలినవాడిని నేనొక్కణ్ణే.

ఏవైనా సూదులు వరసగా వేయించుకున్నావా అని డాక్టరు రెండుసార్లు అడిగాడు. లేదన్నాను. ఎవరికీ చెప్పొద్దన్నావు కదా. ఇంటికొచ్చాక అదే ఆలోచిస్తున్నాను. చెవుల పరీక్ష చేసి సూదుల మాట ఎందుకు అడిగాడు? నీకు తెలుస్తుంది, చెప్పు. ఇది తగ్గేదేనా?

టెలిఫోను పని ఇక నాకివ్వలేమన్నారు. తీసెయ్యలేదు. వేరే ఎక్కడో వేస్తారట.

క్రిస్మసుకి రావద్దు. వినిపించడానికేమీ లేదు.

జీవానందం


కోరాపుట్,
2 జనవరి 1977

జీవా,

ఏ పేరుతో మొదలుపెట్టినా తప్పుగానే ఉంది. నాలుగు కాగితాలు చింపాను. ఇది చింపను.

తగ్గదు. ఆ మందు చెవిలోపలి నరాన్ని తినేస్తుంది. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. తరవాత ఒక్కొక్కటే కిందికి దిగుతుంది. పోయినది తిరిగి రాదు. మందు ఆగింది కాబట్టి, ఇంకొంచెం పోయి అక్కడితో నిలబడొచ్చు.

నా తప్పులు నేనే చెబుతాను. నువ్వు వెతుక్కోవద్దు.

చెవుల్లో పాట ఆగడం లేదని జూన్‌లోనే రాశావు. చెవుల్లో మోగితే రాయమన్నది నేనే, రాసింది నువ్వు, చదివి నవ్వింది నేను. పదిహేనేళ్లుగా నర్సుని. ఇంకెవరైనా ఆ మాట అనుంటే సీసా అక్కడే పారేసి ఉండేదాన్ని. నువ్వు అనేసరికి పాటే అనుకున్నాను.

ఆగస్టులో నీ ఎక్స్‌రే చూసి డాక్టరుగారు, సూదులు ఇక చాలు, మాత్రలతో ఆ మచ్చ మెల్లిగా పోతుంది అన్నారు. ఇంకో తొంభై అన్నది ఆయన కాదు, నేను. మచ్చ డిసెంబరుకి కనిపించకూడదనీ, నాన్నకి వచ్చినట్టు తిరగబెట్టకూడదనీ సీసాలు షాపులో నా డబ్బుతో కొన్నాను. ఆ రోజు నాలుగు గంటలూ నేను వాగుతూనే ఉన్నాను, నువ్వు నవ్వుతూ తలూపుతూనే ఉన్నావు. ఒక్క ప్రశ్నకి కూడా నువ్వు జవాబు చెప్పలేదని బస్సు కదిలాక కూడా నాకు తోచలేదు.

ఇక మూడోది. నువ్వు పంపిన కాలిపోయిన ట్రాన్సిస్టరు ఉమాపతి తన బల్ల మీద రేడియోలో పెట్టాడు. రేడియో పాడింది. 'ఇది బాగానే ఉందమ్మా, మీ తమ్ముడి సెవులు ఓపాలి సూపించండి' అన్నాడు. వసంత రాసినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ సాయంత్రమే నేను ఎనిమిది ట్రాన్సిస్టర్లు, స్పీకరు కొని నీకు పంపాను. స్పీకరు మాట ఉమాపతి అనలేదు. నేను కల్పించాను. అప్పటికి నీకు నలభై సూదులు మిగిలి ఉన్నాయి. ఆపించగలిగి కూడా ఆపలేదు.

ఆపితే మళ్లీ రక్తం పడుతుందనుకున్నాను. నాన్న చివరి ఏడాది నువ్వు చిన్నవాడివి, నేను చూశాను. చెవులు లేని తమ్ముడు ఉంటే చాలనుకున్నాను. నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు ఏది కోరుకుంటావో నాకు తెలుసు, అందుకే అడగలేదు.

క్షమించమని రాయను. అది అడిగే మొహం లేదు.

దయావతి


జేకేపూర్,
20 ఫిబ్రవరి 1977

అక్కకి,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అవుతోంది. రాయకూడదనే అనుకున్నాను. వసంత రాయమంది, అంటే పలక మీద రాసి చూపించింది.

ప్రాణం నిలబెట్టావు. దానికి నేను జీవితాంతం దండం పెట్టాలి, పెడతాను. కానీ అడిగి ఉండాల్సింది. నేను ఏది కోరుకునేవాడినో నీకు తెలుసన్నావు. నాకే తెలీదు. రెండు రోజులు ఏడ్చి, వసంతనీ పాపనీ చూసుకుని, సూదులే వేయించుకునేవాడినేమో. అప్పుడు పోయిన చెవులు నేను ఇచ్చుకున్నవి అయ్యుండేవి. ఇప్పుడు తీసుకున్నవి అయ్యాయి. ఈ తేడా నీకు అర్థం కావాలనే ఇన్నాళ్లకి కాగితం తీశాను.

నా తప్పూ ఉంది. పలకని మెట్టులోంచి ట్రాన్సిస్టరు తీసి పలికే మెట్టులో పెట్టి చూడడం రేడియోలు విప్పే ఎవడైనా ముందు చేసే పని. నేను చెయ్యలేదు. నా చెవి మీద నాకు అంత నమ్మకం.

మిల్లు డాక్టరుకి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన బాధపడి, ముందే చెప్పుంటే సెలవిచ్చి వైద్యానికి పంపేవాళ్లం కదయ్యా అన్నాడు. కాగితం మీద రాసి మరీ అన్నాడు. ఆ కాగితం దాచాను.

నన్ను వెదురు నరికే షెడ్డులో వేశారు. అక్కడ యంత్రం మోతకి మాట వినపడదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. కొత్తగా వచ్చినవాడికి నేర్చుకోవడానికి నెల పడుతుంది. నాకు వారం పట్టింది. అక్కడున్నంతసేపూ నేనూ అందరిలాంటివాడినే. ఇంటికొచ్చాకే చెవిటివాణ్ణి అవుతున్నాను.

ఈ అగ్గిపెట్టెలో నువ్వు పంపిన పధ్నాలుగు, నేను తీసేసిన మరో ఇరవై ఒకటి ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. మొన్న ఒక్కొక్కటే కింది మెట్టులో పెట్టి చూశాను. అన్నీ మంచివే. ఉమాపతికి ఇచ్చెయ్యి. నాకు కింది పద్ధెనిమిది మెట్లు వినిపిస్తున్నాయి, అవి చాలు.

ఒక్కటి మాత్రం మళ్లీ కట్టాను, నలభై తొమ్మిదోది. వెనకటి మర ఎక్కడుందో గీత గీసుకున్నాను, అక్కడికే తిప్పాను. మీటరు సూది కదులుతోంది. వసంత బాగానే ఉందంటుంది. కానీ దానికి మా నాన్న ఈల తెలీదు.

వచ్చి విను. నేను వినలేను కాబట్టి నాకు ఏం చెప్పినా నమ్మాల్సిందే. అందుకే అడుగుతున్నాను, ఈసారి నిజం చెప్పు.

జీవానందం


కోరాపుట్,
14 మార్చి 1977

జీవా,

బస్సు దిగి, చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నాను. మార్చుకుంటే మనసు మారుతుందేమోనని భయం.

నిన్న నువ్వు పెట్టె ముందు పీట వేసి నన్ను కూర్చోబెట్టావు. స్నానం చేసి, గుడికి వెళ్లే చొక్కా వేసుకున్నావు. నా వేలు పట్టుకుని చివరి బొత్తాం మీద పెట్టి, నువ్వు ఎదురుగా గొంతుక్కూర్చుని నా మొహంలోకి చూశావు. నేను నొక్కాను. నీ కళ్లు చూశాను. తలూపాను. నీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాన్ని కూడా నువ్వు మంచికే తీసుకున్నావు. వసంత తలెత్తలేదు. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, 'ఏటని సెప్పను వదినా, ఆయన మొకం సూసి నెలై నేనూ అలాగే తలూపుతన్నాను' అంది. దాన్ని ఏమీ అనకు. తలూపడం అది నా దగ్గరే నేర్చుకుంది.

ఘాటీ ఎక్కుతున్నంతసేపూ నీ చివరి వాక్యం తింటూనే ఉంది నన్ను. ఈసారి నిజం చెప్పమన్నావు. నిజం ఇది.

ఆ మెట్టు పలకలేదు. నాన్న ఈల కాకపోవడం కాదు, అసలు ఏ శబ్దమూ రాలేదు. మూడుసార్లు నొక్కాను. మూడుసార్లూ వంటింట్లో పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న చప్పుడే వినిపించింది. ఇది నీ చెవి కాదు, జీవా. పెట్టెదే.

ఇక్కడ దిగకుండా ముందు జయపురం దాకా వెళ్లి ఉమాపతిని అడిగి వచ్చాను. సోల్డరింగు ఊడి ఉండొచ్చు, లేదా ఈసారి ట్రాన్సిస్టరు నిజంగానే కాలిపోయి ఉండొచ్చు అన్నాడు. ముందు కింది మెట్టులో పెట్టి చూడమన్నాడు. కొత్తది ఒకటి ఈ కవరులో, దూదిలో చుట్టి పెట్టాను.

బిగించాక రాయి. వస్తాను. నాన్న ఈల అయితే చెయ్యెత్తుతాను. కాకపోతే తల అడ్డంగా ఊపుతాను, నువ్వు మర తిప్పుతూ ఉండు.

దయక్క